ఫోన్‌లో ఉండే అమ్మ: కువైట్ నుంచి తిరిగొచ్చిన తల్లి, మూడేళ్ల పాప – ఒక కేసు వివరం

ఈ కేసు రాయడానికి కుటుంబం అనుమతి తీసుకున్నాను. వారిని గుర్తుపట్టడానికి వీలిచ్చే ఊరు, బంధువుల వివరాలు, తేదీలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను. చికిత్సలో నా వైపు నుంచి ఒక తప్పు జరిగింది. దాన్ని మాత్రం జరిగింది జరిగినట్టే రాశాను, ఎందుకంటే ఈ కేసులో నేర్చుకోవలసినదంతా ఆ తప్పు చుట్టూనే ఉంది.

నేపథ్యం

నేను రాయలసీమలోని ఒక పట్టణంలో పిల్లల వైద్యురాలిని. కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచీ, అటు గోదావరి జిల్లాల నుంచీ ఇంటిపనికి కువైట్ వెళ్లే స్త్రీల సంఖ్య ఎప్పటి నుంచో ఎక్కువే. ఈసీఆర్ పాస్‌పోర్టు (కొన్ని దేశాలకు పనికి వెళ్లాలంటే ముందుగా ప్రభుత్వ అనుమతి తీసుకోవలసిన పాస్‌పోర్టు) ఉన్న స్త్రీలకు 30 ఏళ్లు నిండనిదే ఇంటిపనికి గల్ఫ్ దేశాలకు వెళ్లే అనుమతి మన ప్రభుత్వం ఇవ్వదు. ఆ నిబంధన వెనక ఉన్న ఉద్దేశం వాళ్ల రక్షణే అయినా, దాని వల్ల పద్ధతి ప్రకారం వెళ్లేవాళ్లలో ఎక్కువమంది అప్పటికే బిడ్డల తల్లులై ఉంటారు. ఆ బిడ్డలు అవ్వల దగ్గర పెరుగుతారు. నా దగ్గరికి జ్వరానికో విరేచనాలకో వచ్చే పిల్లల్లో అవ్వ చేయి పట్టుకుని వచ్చేవాళ్లు ఎందరో ఉంటారు.

ఈ పాప అలాంటి ఇంటి బిడ్డే. మూడు బోర్లు వేసినా నీళ్లు పడక దాదాపు 4 లక్షల అప్పు మిగిలింది. తండ్రి బెంగళూరులో భవన నిర్మాణం పనికి వెళ్లి నెలకు ఒకటి రెండుసార్లు వచ్చిపోయేవాడు. పాపకు 11 నెలలున్నప్పుడు 32 ఏళ్ల తల్లి రెండేళ్ల ఒప్పందం మీద కువైట్ వెళ్లింది. వెళ్లే ముందు వారం రోజుల పాటు రొమ్ముకు వేపాకు ముద్ద రాసుకుని పాలు మాన్పించింది. ప్రయాణం రోజు, చూస్తే ఏడుస్తుందని, పాప నిద్రపోయాక రాత్రి పూట ఇల్లు దాటింది. ఈ చివరి వివరాన్ని మొదటి రెండు భేటీల్లో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అది ఎంత ముఖ్యమైనదో తరువాత తెలిసింది.

అక్కడున్న 25 నెలలూ దాదాపు ప్రతిరోజూ ఇమోలో వీడియో కాల్ చేసేది. అవ్వ తన ఫోనును నడుముకు కట్టుకున్న గుడ్డసంచిలో పెట్టుకుని తిరిగేది, మోగగానే తీసి పాపకు చూపించి "మీ అమ్మ, చూడు" అనేది.

ఏ సమస్యతో వచ్చారు

తల్లి తిరిగొచ్చిన మూడు వారాలకు తల్లి, అవ్వ, పాప ముగ్గురూ కలిసి వచ్చారు. అప్పటికి పాపకు మూడేళ్లు నిండి ఒక నెల. తల్లి చెప్పిన సమస్య ఇది: "బిడ్డకు మతి సరిగ్గా లేదేమో మేడమ్. నన్ను చూడను గూడా చూడదు. ఎత్తుకోబోతే కొరుకుతాది. పిలిస్తే పలకదు. యూట్యూబ్‌లో చూస్తే ఇది ఆటిజం అంటాండారు." ఊళ్లో మరొకరు కూడా అదే మాట అన్నారట. పాప బలపాలు తింటోందనీ, రాత్రి పదే పదే లేస్తోందనీ కూడా చెప్పింది.

ఆటిజం అన్న మాట తల్లి నోటి నుంచి వచ్చాక దాన్ని తేలికగా తోసిపుచ్చకూడదు, అలాగని పట్టుకుని వేలాడకూడదు. ఆటిజం ఉందేమో తొలిగా చూడటానికి మా దగ్గర వాడే ఎమ్‌చాట్ ప్రశ్నావళి 16 నుంచి 30 నెలల పిల్లలకు ఉద్దేశించింది. 37 నెలల పాపకు దాన్ని నింపి మార్కులు వేయడం సరికాదు కాబట్టి, గదిలో కూర్చోబెట్టి చూడటానికే ఎక్కువ సమయం పెట్టాను. గోడ మీదున్న చేపల బొమ్మను పాప వేలితో చూపించి, చూసిందా లేదా అని అవ్వ ముఖంలోకి తిరిగి చూసింది. సీసా మూతలో లేని పాలు పోసి బొమ్మకు తాపింది. "అవ్వా, చేప నీళ్లు తాగతాంది" అని వాక్యం కూర్చి చెప్పింది. వెనక నుంచి గుసగుసగా పేరు పిలిస్తే తిరిగింది. ఈ పాపకు తల్లి ఒక్కరితో తప్ప మిగతా లోకంతో సంబంధం చక్కగా ఉంది. ఆటిజంలో ఇబ్బంది ఇలా ఒక మనిషికే పరిమితమై ఉండదు.

ఆ గదిలోనే జరిగిన ఒక చిన్న సంగతి ఈ కేసును నాకు అర్థం చేయించింది. పాప ముక్కు కారుతుంటే తల్లి చేతిగుడ్డ చాపింది. పాప ముఖం తిప్పుకుని, అవ్వ కొంగు లాగి తుడుచుకుంది. మాట మార్చడానికన్నట్టు నేను "అమ్మ ఏదమ్మా?" అని అడిగాను. పాప తడుముకోకుండా అవ్వ నడుము సంచిలో చేయి పెట్టి, ఫోన్ తీసి నా బల్ల మీద పెట్టింది. తల్లి అక్కడే, రెండడుగుల దూరంలో కూర్చుని ఉంది. ఇంట్లో పాప ఆమెను "ఫోనమ్మ" అంటుందని అవ్వ అప్పుడు చెప్పింది. చెప్పి, చెప్పినందుకు నొచ్చుకుని తల వంచుకుంది.

అంటే పాప తల్లిని తిరస్కరించడం లేదు. పాప లెక్కలో తల్లి ఫోన్‌లో ఉంటుంది, ఫోన్‌లో క్షేమంగానే ఉంది. ఇంట్లోకి వచ్చి, అవ్వ పక్కన పడుకుని, తనను ఎత్తుకోవాలని చూస్తున్న ఈ మనిషి ఎవరో పాపకు తెలియదు.

పరీక్షల్లో హిమోగ్లోబిన్ 9.4 వచ్చింది. ఈ వయసులో 11 కంటే తక్కువైతే రక్తహీనత కింద లెక్క. బరువు 11.2 కిలోలు. రోజుకు దాదాపు లీటరు బర్రెపాలు సీసాతో తాగుతూ అన్నం సరిగ్గా తినని పిల్లల్లో ఇది తరచూ కనిపించేదే, బలపాలు తినడానికీ చాలావరకు కారణం ఇదే. నులిపురుగుల మాత్ర ఇచ్చి, కిలోకు రోజుకు 3 మిల్లీగ్రాముల చొప్పున ఐరన్ మందు మొదలుపెట్టి, పాలు అర లీటరుకు తగ్గించమన్నాను. రక్తం తక్కువైన బిడ్డ చిరాకుగా ఉంటుంది, త్వరగా అలసిపోతుంది. అనుబంధం గురించి ఆలోచిస్తూ దీన్ని వదిలేసి ఉంటే తరువాత చేసినవేవీ సరిగ్గా పనిచేసేవి కావు.

తల్లిని కూడా విడిగా కూర్చోబెట్టి మాట్లాడాను. పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో 13 వచ్చింది, అంటే ఒక మోస్తరు కుంగుబాటు. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనలు లేవు. ఆమె చెప్పిన మాటల్లో ఒకటి యథాతథంగా రాసిపెట్టుకున్నాను: "ఆ ఇంటి బిడ్డకేమి తినేది ఇష్టమో, ఏ పక్కన పండుకుంటే నిద్దరొస్తాదో నాకు తెలుసు మేడమ్. నా బిడ్డకేమిష్టమో మా అమ్మనడగాల." రెండేళ్లు వేరొకరి పసిబిడ్డను జోకొట్టి వచ్చిన చేతులు అవి. తల్లితనం ఆమెకు కొత్త కాదు. తన బిడ్డ ఒక్కతే కొత్త.

ముందు చేసినవి, పనిచేయనివి

మా దగ్గరికి రాకముందే ఇంట్లో కొన్ని ప్రయత్నాలు జరిగాయి. కువైట్ నుంచి తెచ్చిన చాక్లెట్లు, మాట్లాడే బొమ్మ, మెరిసే చెప్పులు ఒక్కొక్కటిగా ఇచ్చారు. పాప వస్తువు అందుకుని అవ్వ వెనక్కి వెళ్లిపోయేది. వచ్చిన ప్రతి చుట్టమూ పాపను నిలబెట్టి "ఈమెవరు? చెప్పు, అమ్మ అను" అని పరీక్ష పెట్టేవారు. పాప మౌనంగా ఉంటే తల్లి కళ్లలో నీళ్లు, అది చూసి అవ్వ గద్దింపు. రోజుకు నాలుగైదుసార్లు జరిగే ఈ తంతులో పాప నేర్చుకున్నది ఒక్కటే, ఈ మనిషి దగ్గరకొస్తే ఇంట్లో ఏదో ఒక గొడవ అవుతుందని.

ఇప్పుడు నా తప్పు సంగతి. తల్లికి రెండు నెలల సెలవే ఉంది. అకామా (కువైట్‌లో ఉండటానికి ఇచ్చే అనుమతి) పొడిగించుకుని తిరిగి వెళ్లాలా, మానాలా అన్నది ఆరు వారాల్లో తేల్చాలి. ఈ ఒత్తిడిలో కుటుంబమే ఒక మార్గం ప్రతిపాదించింది: అవ్వ పది రోజులు అనంతపురంలో ఉన్న కొడుకు ఇంటికి వెళ్తుంది, అవ్వ కనబడకపోతే పాప తల్లికి అలవాటు పడక తప్పదు. నేను ఒప్పుకున్నాను. అప్పట్లో నా తర్కం ఇలా సాగింది: అంగన్‌వాడీలో చేరిన పిల్లలు మొదట ఏడ్చి తరువాత సర్దుకోవడం రోజూ చూస్తున్నాం, ఇంట్లో ఇద్దరు పెద్దలున్నప్పుడు పాప తెలిసినవారి వైపే వెళ్తుంది, సమయం కూడా తక్కువగా ఉంది. అంగన్‌వాడీకి వెళ్లిన బిడ్డ మధ్యాహ్నానికి తన మనిషి దగ్గరికి తిరిగి చేరుతుందన్న తేడా ఆ క్షణంలో నాకు తట్టలేదు.

మొదటి రోజు పాప అర్ధరాత్రి దాకా ఏడ్చింది. రెండో రోజు అన్నం ముట్టలేదు, ఎప్పుడో మానిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. మూడో రోజు తండ్రి ఫోన్ చేసి "సద్దుమణిగింది మేడమ్, ఇప్పుడు ఏడవడం లేదు" అన్నాడు. ఒక అరగంట నేనూ సంతోషించాను. ఆ తరువాత ఓపీలో మరో బిడ్డను చూస్తుండగా చదువుకునే రోజుల్లో విన్న పాఠం గుర్తుకొచ్చింది. 1940ల చివరి నుంచి ఇంగ్లండ్‌లో జేమ్స్ రాబర్ట్‌సన్, జాన్ బౌల్బీలు ఆసుపత్రుల్లో అమ్మానాన్నలకు దూరంగా ఉంచిన పసిపిల్లలను గమనించి మూడు దశలు గుర్తించారు: మొదట ఏడ్చి గోల చేస్తారు, తరువాత నిరాశతో ముడుచుకుపోతారు, ఆ తరువాత ఎవరూ అక్కర్లేనట్టు ఉండిపోతారు. నర్సులు రెండో దశనే "బిడ్డ కుదురుకుంది" అనుకునేవారు. నేనూ అదే చేశాను. వీడియో తీసి పంపమన్నాను. పాప వాకిలి పక్కన గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది. చేతిలో బొమ్మ ఉంది కానీ ఆడటం లేదు. పక్కనే టీవీ మోగుతున్నా తల తిప్పడం లేదు. ఆ రాత్రికే అవ్వను బయల్దేరమని ఫోన్ చేశాను.

ఐదో రోజు ఉదయం అవ్వ ఇంటికి చేరింది. పాప పరుగెత్తుకుంటూ వస్తుందని అందరూ అనుకున్నారు. పాప అవ్వను చూసి ముఖం తిప్పుకుంది. దాదాపు గంటసేపు దగ్గరికి వెళ్లలేదు, తరువాత వెళ్లి అవ్వను రెండు చేతులతో కొట్టింది, కొట్టి కొట్టి ఒళ్లో పడి వెక్కింది. అప్పటి నుంచి రెండు రోజుల పాటు మరుగుదొడ్డికి కూడా అవ్వను ఒంటరిగా వెళ్లనివ్వలేదు.

ఇదంతా చూసిన తల్లి మరుసటి వారం నాతో అంది: "మా అమ్మకు చేసినట్టే నాకూ చేస్తాంది మేడమ్. దాన్ని నిద్దరపుచ్చి పొయ్‌నాను కదా." ఆ రాత్రి ప్రయాణం సంగతి నాకు తెలిసింది అప్పుడే. 11 నెలల వయసులో జరిగినదాన్ని పాప గుర్తుపెట్టుకుని అలుగుతోందని నేను అనను, ఆ వయసు జ్ఞాపకాలు అలా కథలా నిలబడవు. అయినా ఆ మాటను నేను కాదనలేదు. బిడ్డకు తన మీద ప్రేమ లేదనుకున్న తల్లి, బిడ్డ ముఖం తిప్పుకోవడం ప్రేమ ఉన్నచోట కూడా జరుగుతుందని కళ్లారా చూసింది. నా సలహాతో పాపకు కలిగిన నష్టంలో నుంచి దక్కిన ఒకే ఒక లాభం అది. దానికి నేను ఘనత తీసుకోలేను.

పనిచేసినవి

అక్కడి నుంచి ఆలోచన తలకిందులు చేశాం. అవ్వను పక్కకు తప్పించి తల్లికి చోటు చేయడం కాకుండా, అవ్వ ద్వారానే తల్లిని పాప దగ్గరికి చేర్చాలి. పాప నమ్మే మనిషి ఎవరిని నమ్ముతుందో పాప వాళ్లనే నమ్ముతుంది. కాబట్టి మొదట మాట్లాడవలసింది అవ్వతో.

అవ్వను ఒంటరిగా కూర్చోబెడితే అసలు విషయం బయటపడింది. పాప మారాం చేసినప్పుడల్లా ఆమె నోటి నుంచి "ఆమె రేపు పొయ్యేదే కదా" అన్న మాట జారేది. అందులో కూతురి మీద కోపం కొంత, భయం ఎక్కువ. రెండేళ్లు రాత్రిళ్లు లేచి పాలు కలిపింది తాను. ఇప్పుడు అందరూ కలిసి తనను అడ్డులా చూస్తున్నారు, ఊరికి కూడా పంపించేశారు. ఆ పంపడానికి ఒప్పుకున్నది నేను కాబట్టి ముందు క్షమాపణ చెప్పాను. మీ స్థానం ఎక్కడికీ పోదనీ, పాపకు ఇద్దరూ కావాలనీ చెప్పాను. ఆమె చాలాసేపు ఏడ్చింది. నా అనుభవంలో ఇలాంటి ఇళ్లలో ఎవరూ అవ్వలకు చేతులెత్తి దండం పెట్టరు, పంపిన డబ్బు లెక్క మాత్రం అడుగుతారు.

"ఈమెవరు?" అని పాపకు పరీక్షలు పెట్టడం పూర్తిగా ఆపమన్నాను. తల్లి పాపను ఎత్తుకోవడానికి తానుగా చేయి చాపకూడదు. రోజూ పదిహేను నిమిషాలు పాప ఆడుకునే చోట నేల మీద కూర్చోవాలి, ప్రశ్నలు అడగకుండా పాప చేస్తున్నదాన్ని చిన్నగా చెబుతూ ఉండాలి: "ఎర్ర గిన్నె కింద పెడతాండావు, దాని మీద పచ్చది." పాప దగ్గరికి రాకపోయినా పదిహేను నిమిషాలూ కూర్చుని లేవాలి. ఇది తల్లికి ఎంత కష్టమో చెప్పలేను. మొదటి వారం ప్రతి సాయంత్రం ఫోన్ చేసి "ఊరికే కూసోని లేచినాను మేడమ్" అనేది.

ఫోనమ్మను ఏం చేయాలన్నది అసలు చిక్కు. ఫోన్ దాచేస్తే పాపకున్న ఒక్క అమ్మనూ తీసేసినట్టు అవుతుంది. అందుకని రోజూ అదే వేళకు తల్లి పక్క గదిలో కూర్చుని వీడియో కాల్ చేసేట్టు, మధ్య తలుపు తీసి ఉంచేట్టు అనుకున్నాం. నాకు దీని మీద పెద్ద నమ్మకం లేదు, పుస్తకాల్లో ఎక్కడా చదవలేదు కూడా. పాప ఫోన్‌లో అమ్మతో ఎప్పటిలా కబుర్లు చెప్పింది. గొంతు రెండు చోట్ల నుంచి వస్తోందని నాలుగో రోజు గమనించి, ఫోన్ పట్టుకునే తలుపు దాకా వెళ్లి, తెరలో ముఖాన్నీ గదిలో ముఖాన్నీ మార్చి మార్చి చూసి, నవ్వకుండా ఏడవకుండా వెనక్కి వచ్చేసింది. మరో రెండు రోజులకు ఫోన్‌ను తల్లి ఒళ్లో పడేసి పారిపోయింది. ఆ తరువాత కాల్ చేస్తే ఫోన్ తీసుకోకుండా నేరుగా తలుపు దగ్గరికి పోయేది. "ఫోనమ్మ" అన్న మాట మాత్రం ఇంకో నెల దాకా ఉంది. దాన్ని సరిదిద్దవద్దన్నాను.

మొదటి స్పర్శ మేమెవరమూ అనుకోని దారిలో వచ్చింది. అవ్వకు మోకాళ్ల నొప్పులు. ఆరు బయట మంచం మీద కూర్చోబెట్టి తల్లి రోజూ సాయంత్రం ఆముదం వెచ్చచేసి ఆమె కాళ్లకు రాసేది. ఇది నేను చెప్పిన పని కాదు. పాప మంచం కోడు పట్టుకుని నిలబడి చూసేది. తొమ్మిదో రోజు మంచం ఎక్కి, అవ్వ కాలి పక్కనే తన కాలు కూడా చాపింది. తల్లి ఏమీ అనకుండా, ముఖంలోకి చూడకుండా, ఆ చిన్న పాదానికి కూడా నూనె రాసిందట. ఆ రాత్రి నాకు వచ్చిన సందేశంలో అక్షరాలు లేవు, ఏడుపు గొంతుతో పది సెకన్ల వాయిస్ మాత్రం ఉంది.

నిద్ర విషయంలో నా ఉపాయం ఒకటి బెడిసికొట్టింది. పాప అవ్వ కొంగును మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుని పడుకునేది. వాసన అలవాటని ఊహించి, అవ్వ పాత నేతచీరను తల్లిని కట్టుకోమన్నాను. పాప "ఇది అవ్వది" అని కోపంతో చీర లాగేసింది. పాపకు కావలసింది వాసన కాదని, నిద్రలో ఎవరైనా లేచిపోతే తెలిసేట్టు ఒక తాడు అని అప్పుడు అర్థమైంది. అందుకని పడుకునే ముందు ఇద్దరూ "పొద్దున్న నువ్వు లేచేసరికి ఇక్కడే ఉంటాం" అని చెప్పాలనీ, ఎవరు ఎక్కడికి వెళ్లినా, సంతకైనా సరే, పాప మేలుకుని ఉండగా చెప్పే వెళ్లాలనీ, ఏడిస్తే ఏడవనివ్వాలనీ నియమం పెట్టుకున్నాం. చెప్పిన వేళకు తిరిగి రావడం అందులో ముఖ్యం.

తల్లి తిరిగి వెళ్లాలా వద్దా అన్న ప్రశ్నకు నేను జవాబు చెప్పలేదు. అప్పు నాది కాదు. మరోసారి ఎడబాటు వస్తే పాపలో ఏమేం కనిపించవచ్చో చెప్పాను, వెళ్లవలసే వస్తే ఈసారి పగటి పూట, చెప్పి, పెట్టె పాప ఎదుటే సర్దుకుని ఎలా వెళ్లాలో కూడా చెప్పాను. అకామా పొడిగించకూడదని ఆమే నిర్ణయించుకుంది. దగ్గర్లోని ఒక ప్రైవేటు హాస్టల్లో వంటపనికి కుదిరింది. వచ్చేది కువైట్ జీతంలో మూడో వంతు కూడా కాదు. అప్పు ఇంకా ఉంది.

ఇలాంటి ఇంకో కేసు వస్తే

ఇప్పుడు ఇలాంటి కుటుంబం వస్తే మొదటి భేటీలోనే "వెళ్లిన రోజు ఎలా వెళ్లారు?" అని అడుగుతున్నాను. పెంచిన మనిషిని దూరం పెట్టమని ఎంత ఒత్తిడి వచ్చినా ఒప్పుకోవడం లేదు. మూడో రోజు "కుదురుకుంది" అన్న మాట వింటే వెంటనే బిడ్డను చూస్తున్నాను. తల్లి మనసు సంగతి బిడ్డతో పాటే చూడాలన్నది ముందే తెలిసినా, ఈ కేసులో ఆమె కుంగుబాటు మందు లేకుండా, బిడ్డ కాలు చాపిన వారం నుంచే తగ్గడం మొదలై రెండో నెలకు పీహెచ్‌క్యూలో 6కు వచ్చింది. అందరిలోనూ ఇలా తగ్గుతుందని అనుకోకూడదు. తగ్గకపోతే మానసిక వైద్యుల దగ్గరికి పంపడానికి సిద్ధంగానే ఉన్నాను.

తొమ్మిది నెలల తరువాత

చివరిసారి చూసినప్పుడు పాపకు మూడేళ్ల పది నెలలు. హిమోగ్లోబిన్ 11.6, బరువు 13.1 కిలోలు. బలపాలు తినడం మానింది. తల్లిని "అమ్మ" అంటుంది, కోపం వస్తే మళ్లీ "ఫోనమ్మ" అంటుంది. జ్వరం వస్తే అవ్వ ఒడి తప్ప ఇంకేదీ పనికిరాదు. కువైట్ నుంచి తెచ్చిన నల్ల సూట్‌కేసు అటక మీద ఉన్నంత కాలం పాప రోజూ మెడ ఎత్తి దాన్ని చూసేదట. దించి పాప బట్టలే అందులో సర్దిపెట్టాక చూడటం మానింది. రాత్రి కొంగు చుట్టుకోవడం మాత్రం పోలేదు, అయితే ఎవరి కొంగన్నది ఆ రోజు అన్నం ఎవరు తినిపించారన్నదాన్ని బట్టి మారుతోందని అవ్వ నవ్వుతూ చెప్పింది. ఆ అలవాటు మాన్పించాలా అని తల్లి అడిగింది. అక్కర్లేదన్నాను. ఐరన్ మందు ఆపి, మూడు నెలల తరువాత మళ్లీ రమ్మన్నాను.